వారసత్వపు సొమ్ము, వైకల్య భృతి: బ్రిటన్ నియమాలు

బ్రిటన్‌లో వైకల్యం వల్ల ప్రభుత్వ భృతి మీద బతుకుతున్న మనిషికి తండ్రి వీలునామాలో 40,000 పౌండ్లు రాశాడనుకుందాం. ఆ డబ్బు చేతికి రాగానే ఒకరికి భృతి మొత్తం ఆగిపోతుంది. అదే జబ్బుతో అదే వీధిలో ఉంటున్న మరొకరికి ఒక్క పెన్నీ కూడా తగ్గదు. ఇద్దరూ అందుకునేది వైకల్య భృతే అయినా, ఒకటి ఉన్న ఆస్తినీ ఆదాయాన్నీ లెక్కగట్టి ఇచ్చేది, రెండోది ఉద్యోగం చేసిన రోజుల్లో కట్టిన చందాకు బదులుగా వచ్చేది. ఈ తేడా తెలియక వీలునామా రాసే తల్లిదండ్రులు, ప్రేమతో వదిలిన సొమ్ముతోనే బిడ్డ నెలవారీ బతుకుతెరువును దెబ్బతీసే ప్రమాదం ఉంది.

చందా ఆధారంగా వచ్చే భృతి పేరు ఇప్పుడు న్యూ స్టైల్ ఎంప్లాయ్‌మెంట్ అండ్ సపోర్ట్ అలవెన్స్, పొట్టిగా ఈఎస్‌ఏ. సుమారుగా గత రెండు పన్ను సంవత్సరాల్లో నేషనల్ ఇన్సూరెన్స్ చందా కట్టినవారికి ఇది దక్కుతుంది. ఆస్తి, ఆదాయాలు చూసి ఇచ్చేది యూనివర్సల్ క్రెడిట్. పాత ఆదాయ ఆధారిత ఈఎస్‌ఏ స్థానంలో వచ్చింది ఇదే. ఈ రెండింటికీ చెందని మూడో రకం పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, అందరూ పిప్ అంటారు. స్కాట్లాండ్‌లో దాని స్థానంలో అడల్ట్ డిజబిలిటీ పేమెంట్ ఉంది. పెన్షన్ వయసు వాళ్ళకు అటెండెన్స్ అలవెన్స్ ఉంది. స్నానం, వంట, నడక లాంటి వాటికి అయ్యే అదనపు ఖర్చు కోసం ఇచ్చే ఈ డబ్బుకు చందాతోనూ ఆస్తితోనూ పనిలేదు. కోటీశ్వరుడికైనా వస్తుంది. 2025-26లో పిప్ పైస్థాయి రేట్లు రోజువారీ బతుకు భాగానికి వారానికి 110.40 పౌండ్లు, కదలిక భాగానికి 77.05 పౌండ్లు. వారసత్వం వచ్చినా పిప్ కదలదు కాబట్టి దాని గురించి చెప్పుకోవాల్సింది ఇంతే. వృద్ధాశ్రమాలు, సంరక్షణ గృహాల విషయంలో ఉన్న ఒక చిక్కు తర్వాత వస్తుంది.

రెండు దారులు ఎలా పడ్డాయి

1911లో లాయిడ్ జార్జ్ తెచ్చిన నేషనల్ ఇన్సూరెన్స్ చట్టంతో, చందా కట్టిన కార్మికుడు జబ్బు పడితే 26 వారాల పాటు భృతి, ఆ తర్వాతా లేవలేకపోతే వారానికి 5 షిల్లింగులు ఇవ్వడం మొదలైంది. ఇది హక్కుగా వచ్చే డబ్బు. ఇంట్లో ఏముందో ఎవరూ అడిగేవారు కాదు. 1931 తర్వాత నిరుద్యోగుల విషయంలో దీనికి పూర్తి విరుద్ధమైన పద్ధతి వచ్చింది. అధికారులు ఇంటికొచ్చి, కొడుకు జీతం, కూతురి జీతం, ఇంట్లో సామాను కూడా లెక్క వేసి ఎంతివ్వాలో తేల్చేవారు. ఆ పరీక్ష మిగిల్చిన అవమానం బ్రిటిష్ కార్మిక కుటుంబాల్లో తరాలపాటు చెప్పుకున్న సంగతి.

1942లో సామాజిక భద్రత మీద నివేదిక రాసిన విలియం బెవరిడ్జ్ ఆ జ్ఞాపకాన్ని ఎదురుగా పెట్టుకునే రాశాడు. చందా కట్టిన ప్రతివాడికీ పరీక్ష లేకుండా భృతి అందాలి, ఏ కారణం చేతనో దానికి అందనివారికి మాత్రమే ఆస్తి పరీక్షతో సహాయం ఉండాలి అన్నది ఆయన ప్రణాళిక. 1946 నాటి నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం మొదటి దారి, 1948 నాటి నేషనల్ అసిస్టెన్స్ చట్టం రెండో దారి. రెండో దారి కాలక్రమేణా సన్నబడి మాయమవుతుందని ఆశించారు. జరిగింది వేరు. చందా భృతి రేట్లు తక్కువగా ఉండడంతో, అద్దెకు చాలక, జనం రెండో దారి పట్టారు. 1966లో సప్లిమెంటరీ బెనిఫిట్, 1988లో ఇన్‌కమ్ సపోర్ట్ అంటూ ఆ దారి వెడల్పవుతూ వచ్చింది. మొదటి దారిలో 1971లో ఇన్‌వాలిడిటీ బెనిఫిట్, 1995లో ఇన్‌కపాసిటీ బెనిఫిట్ వచ్చాయి. 2008 అక్టోబరు 27న వచ్చిన ఈఎస్‌ఏ రెండు దారులనూ ఒకే పేరు కింద పెట్టింది. తమకు వస్తున్నది ఏ ఈఎస్‌ఏనో తెలియని పరిస్థితి అప్పటినుంచే మొదలైంది. వారసత్వం వచ్చినప్పుడు ముందుగా చేయాల్సిన పని, భృతి మంజూరు ఉత్తరం బయటికి తీసి అది ఏ రకమో చూసుకోవడమే.

6,000 నుంచి 16,000 దాకా

యూనివర్సల్ క్రెడిట్‌లో దాచుకున్న సొమ్ము 6,000 పౌండ్ల లోపు ఉంటే పట్టించుకోరు. 16,000 దాటితే అర్హతే పోతుంది. మధ్యలో ఉంటే 6,000 పైన ఉన్న ప్రతి 250 పౌండ్లకూ, అందులో కొంత భాగమున్నా సరే, నెలకు 4.35 పౌండ్ల ఆదాయం వస్తున్నట్టు లెక్కగట్టి భృతిలోంచి తీసేస్తారు. ఉదాహరణకు 10,000 పౌండ్లు ఉన్న మనిషికి 6,000 పోగా 4,000 మిగిలింది. అందులో 16 సార్లు 250. నెలకు 69.60 పౌండ్లు కోత. ఇది ఏడాదికి దాదాపు 21 శాతం వడ్డీ వస్తుందని అనుకున్నట్టు లెక్క. అంత వడ్డీ ఇచ్చే బ్యాంకు బ్రిటన్‌లో లేదు. కాబట్టి దీన్ని నిజమైన ఆదాయంగా కాక, దాచుకున్నది కరిగించుకుని తినమని చెప్పే ఏర్పాటుగానే చూడాలి.

ఈ హద్దులు పెరిగింది 2006 ఏప్రిల్‌లో. అంతకుముందు ఇన్‌కమ్ సపోర్ట్‌లో ఇవి 3,000, 8,000 పౌండ్లుగా ఉండేవి. ఆ తర్వాత ధరలూ అద్దెలూ ఇళ్ళ ఖరీదులూ ఎంత పెరిగినా 6,000, 16,000 అలాగే ఉన్నాయి. ఏటా భృతి రేట్లు సవరించే ప్రభుత్వం ఈ రెండు అంకెలను తాకకపోవడం, చట్టం మార్చకుండానే హద్దును బిగించడంతో సమానం. పైగా దంపతులకు కూడా ఇవే హద్దులు, రెట్టింపు కావు. భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన డబ్బు వికలాంగుడైన భర్త భృతిని కూడా ఆపుతుంది.

అమలులో ఇది ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. పని చేయలేడని తేలిన ఒంటరి మనిషికి 2025-26 రేట్ల ప్రకారం నెలకు 400.14 పౌండ్ల మూల భృతి, 423.27 పౌండ్ల ఆరోగ్య భాగం, అద్దెకు 600 పౌండ్లు కలిపి 1,423 పౌండ్లు వస్తున్నాయి. మేనత్త 20,000 పౌండ్లు రాసి చనిపోయింది. సొమ్ము ఖాతాలో పడిన నెలలోనే యూనివర్సల్ క్రెడిట్ ఆగింది. పిప్ వస్తోంది కానీ, అద్దె, తిండి, కరెంటు అన్నీ మేనత్త డబ్బులోంచే. మూడు నెలల్లో నిల్వ 16,000 కిందికి దిగింది. మళ్ళీ దరఖాస్తు పెట్టుకున్నాడు. మంజూరైంది, కానీ నెలకు దాదాపు 170 పౌండ్ల కోతతో. కరిగేకొద్దీ కోత తగ్గుతూ పోతుంది. ఇందులో ఇంకో నష్టం దాగి ఉంది. పాత ఈఎస్‌ఏ నుంచి యూనివర్సల్ క్రెడిట్‌కు మార్చినప్పుడు భృతి తగ్గకుండా కొందరికి రక్షణ మొత్తం కలిపి ఇచ్చారు. వారసత్వం వల్ల భృతి ఒకసారి ఆగితే ఆ రక్షణ మొత్తం తిరిగి రాదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవారిలో చాలామందికి ఆరోగ్య భాగాన్ని దాదాపు సగానికి తగ్గించారు కాబట్టి, బయటికి వెళ్ళి తిరిగి రావడం మునుపటికన్నా ఖరీదైన వ్యవహారం. ఎంత విరామంలో తిరిగి వస్తే పాత రేటు నిలుస్తుందో సలహా కేంద్రంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

చందా కట్టినవారి భద్రత

న్యూ స్టైల్ ఈఎస్‌ఏ తీసుకుంటున్నవారికి ఈ లెక్కలేవీ వర్తించవు. ఇల్లు వచ్చినా, లక్ష పౌండ్లు వచ్చినా మార్పు లేదు. ఈ భృతి చూసే ఆదాయం ప్రధానంగా ఒక్కటే: సొంత ఉద్యోగపు లేదా ప్రైవేటు పెన్షన్ వారానికి 85 పౌండ్లు దాటితే, దాటిన దానిలో సగం తీసేస్తారు. చనిపోయిన భర్త లేదా భార్య పెన్షన్ పథకం నుంచి వారసులుగా అందుకునే పెన్షన్‌ను ఇక్కడ లెక్కించరు. రెండు భృతులూ కలిపి తీసుకునేవారికి వారసత్వం వస్తే యూనివర్సల్ క్రెడిట్ మాత్రమే పోతుంది, ఈఎస్‌ఏ నిలుస్తుంది. ఈఎస్‌ఏ ఎంత వస్తే అంతా యూనివర్సల్ క్రెడిట్‌లో తగ్గిస్తారు కదా, రెండూ ఎందుకని చాలామంది దరఖాస్తే పెట్టరు. వారసత్వం వచ్చిన రోజున దాని విలువ తెలుస్తుంది.

అయితే ఈ భద్రత ఎవరికి దక్కుతోంది? ముందు ఉద్యోగం చేసి, తర్వాత జబ్బుపడ్డవారికి. పుట్టుకతో వైకల్యం ఉన్నవారికి, చదువుకునే వయసులోనే మంచానపడ్డవారికి చందా కట్టే అవకాశం ఎక్కడిది? ఒకప్పుడు చట్టం ఈ సంగతి గుర్తించింది. 1984లో వచ్చిన సివియర్ డిజేబుల్‌మెంట్ అలవెన్స్ చందా అడగలేదు. 2001లో దాన్ని కొత్తవారికి మూసేసినా, చిన్న వయసులో వైకల్యం వచ్చినవారిని చందా కట్టినట్టే భావించి ఇన్‌కపాసిటీ బెనిఫిట్, ఆ తర్వాత ఈఎస్‌ఏ ఇచ్చారు. 2012 మే 1న ఆ వెసులుబాటును కొత్త దరఖాస్తుదారులకు తీసేశారు. తీవ్ర వైకల్యం లేదని తేల్చినవారికి చందా ఈఎస్‌ఏను 365 రోజులకే పరిమితం చేసిందీ ఆ రోజే. దాంతో జన్మతః వైకల్యం ఉన్న యువతీయువకుల్లో చాలామంది ఆస్తి పరీక్ష దారిలోకే వచ్చిపడ్డారు. తమ తర్వాత బిడ్డకు దిక్కెవరని అందరికంటే ఎక్కువగా బెంగపడి ఆస్తి దాచేది వీళ్ళ తల్లిదండ్రులే. వారసత్వం వల్ల అందరికంటే ఎక్కువ కోల్పోయేదీ ఆ బిడ్డలే. 2012 నాటి ఆ నిర్ణయం అన్యాయమని చెప్పడానికి ఇంతకుమించిన కారణం అక్కర్లేదు.

సొమ్ము ఎప్పుడు 'తనది' అవుతుంది

మనిషి చనిపోయిన రోజున వారసుడి చేతికి ఏమీ రాదు. ఇంగ్లండ్, వేల్స్ చట్టంలో ఆస్తి ముందు వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్ చేతిలోకి వెళుతుంది. అప్పులు, పన్నులు, ఖర్చులు తీర్చాక మిగిలింది పంచుతారు. 1925 నాటి చట్టం ప్రకారం, మరణించిన నాటి నుంచి ఏడాది లోపు పంచి తీరాలని ఎగ్జిక్యూటర్‌ను బలవంతపెట్టలేరు. పంపకం పూర్తయ్యేదాకా మిగులు ఆస్తిలో వారసుడికి ఏ ఒక్క వస్తువు మీదా యాజమాన్యం లేదని, పాలన సరిగ్గా జరిపించుకునే హక్కు మాత్రమే ఉందని 1964లో ప్రివీ కౌన్సిల్ లివింగ్‌స్టన్ కేసులో చెప్పింది. క్వీన్స్‌లాండ్‌లో ఉన్న ఆస్తుల మీద వచ్చిన పన్ను వివాదం అది, కానీ భృతి విషయాల్లోనూ అదే సూత్రం అక్కరకొస్తుంది. ఆ హక్కుకు కూడా విలువ కట్టవచ్చని భృతులు ఇచ్చే ప్రభుత్వ శాఖ వాదించే అవకాశం ఉంది కాబట్టి, ఎగ్జిక్యూటర్ దగ్గర నుంచి పంపకం ఏ దశలో ఉందో రాసిన ఉత్తరం తీసి ఉంచుకోవడం మంచిది. సొమ్ము చేతికొచ్చిన వెంటనే తెలియజేయాలి. చెప్పకపోతే, ఎక్కువగా ఇచ్చిన భృతిని మొత్తం తిరిగి వసూలు చేస్తారు. అధికారుల పొరపాటు వల్ల ఎక్కువిచ్చినా యూనివర్సల్ క్రెడిట్‌లో వసూలు తప్పదు.

అన్నిటికీ ఒకే కొలత లేదు. వారసత్వంగా వచ్చిన ఇంట్లో తానే కాపురముంటే ఆ ఇంటిని లెక్కించరు. ఆరు నెలల్లో చేరే ఉద్దేశం ఉన్నా అంతే. అమ్మకానికి పెడితే ఆరు నెలలు పక్కనపెడతారు, అవసరాన్ని బట్టి గడువు పెంచుతారు. తల్లి ఇల్లు అన్నకీ చెల్లికీ సగం సగం వచ్చిందనుకోండి, పని చేయలేని అన్న అందులోనే ఉంటున్నాడు, చెల్లి వేరే ఊళ్ళో యూనివర్సల్ క్రెడిట్ మీద ఉంది. అన్నకు అది సొంత నివాసం, చెల్లికి అది పని చేయలేని దగ్గరి బంధువు ఉంటున్న ఇల్లు. ఇద్దరి భృతీ నిలుస్తుంది. నగలు, సామాను వంటి సొంత వస్తువులు యూనివర్సల్ క్రెడిట్‌లో ఆస్తి కిందికి రావు. అమ్మ హారం మెడలో ఉన్నంతకాలం లెక్కలోకి రాదు, అమ్మితే వచ్చిన డబ్బు వస్తుంది.

ఖర్చు, దానం, నిరాకరణ

భృతి కోసమే ఆస్తి వదిలించుకున్నారని తేలితే, అది ఇంకా తమ దగ్గరే ఉన్నట్టు లెక్కగడతారు. ఉద్దేశం ఏమిటన్నదే ఇక్కడ ప్రశ్న. యూనివర్సల్ క్రెడిట్ నియమాల్లో 50వ నియమం రెండు మినహాయింపులిస్తుంది: ఉన్న అప్పు తీర్చడం, పరిస్థితిని బట్టి సమంజసమైన వస్తువులూ సేవలూ కొనడం. పాడైన వాషింగ్ మెషిన్ మార్చడం, చక్రాల కుర్చీకి సరిపడేలా స్నానాలగది కట్టించుకోవడం, క్రెడిట్ కార్డు బాకీ కట్టడం తప్పు కాదు. రసీదులు దాచుకోవాలి. తమ్ముడికి 15,000 పౌండ్లు ఇచ్చేస్తే మాత్రం చిక్కే. అలా లెక్కలో మిగిలిన ఊహా సొమ్ము శాశ్వతంగా ఉండిపోదు, కోల్పోయిన భృతి మేరకు ప్రతి నెలా దాన్ని తగ్గిస్తూ వస్తారు.

వీలునామాలో వచ్చింది వద్దనడం, మరణించిన రెండేళ్ళలోపు ఒప్పంద పత్రంతో వాటా వేరొకరికి మళ్ళించడం పన్ను చట్టంలో చెల్లుతాయి. భృతి చట్టంలో మాత్రం ఇవి కూడా ఆస్తి వదిలించుకోవడం కిందే చూస్తారు. పన్ను సలహాదారు మాట విని సంతకం పెట్టినవారు దెబ్బతినేది ఇక్కడే.

ట్రస్టు దారి

కాబట్టి జాగ్రత్తపడాల్సింది వీలునామా రాసేవారే. బిడ్డ పేరున నేరుగా రాయకుండా డిస్క్రెషనరీ ట్రస్టులో పెడితే, ఎప్పుడు ఎంత ఇవ్వాలో ట్రస్టీలు నిర్ణయిస్తారు. అడిగి తీసుకునే హక్కు బిడ్డకు ఉండదు, అందుకే ఆ నిధిని అతని ఆస్తిగా లెక్కించరు. సెలవు ప్రయాణానికో, కంప్యూటర్‌కో, తోడుగా వచ్చే మనిషికో ట్రస్టు నేరుగా ఖర్చు పెడుతుంది. చేతికి పెద్ద మొత్తం ఇస్తే అది మళ్ళీ లెక్కలోకొస్తుంది. 2005 నాటి ఫైనాన్స్ చట్టం వికలాంగుల కోసం పెట్టే కొన్ని ట్రస్టులకు పన్ను రాయితీలు కూడా ఇచ్చింది. ట్రస్టీలకు దారి చూపేందుకు తల్లిదండ్రులు విడిగా ఒక కోరికల ఉత్తరం రాసి ఉంచుతారు: బిడ్డకు ఏ తిండి ఇష్టం, ఏ శబ్దానికి బెదురుతాడు, ఎవరిని నమ్ముతాడు. మెన్‌క్యాప్ లాంటి సంస్థలు ఇలాంటి వీలునామాల గురించి కుటుంబాలకు తోడ్పడతాయి. బేర్ ట్రస్టు పెడితే ఫలితం లేదు, అందులోని సొమ్ము బిడ్డదే అవుతుంది. ప్రమాదంలో గాయపడి పరిహారం పొందినవారి ట్రస్టును భృతి లెక్కల్లో మినహాయిస్తారని విని, వారసత్వపు డబ్బును తామే ట్రస్టులో పెట్టేవారున్నారు. ఆ మినహాయింపు గాయానికి వచ్చిన పరిహారానికే.

వారసత్వం, భృతి ఒకదానికొకటి ఎదురైన పేరున్న కేసు ఇలాట్‌ది. వైకల్యం కేసు కాదు, కానీ అసలు ప్రశ్న ఇదే. కూతురితో తెగతెంపులు చేసుకున్న తల్లి దాదాపు 4,86,000 పౌండ్ల ఆస్తిని ముఖ్యంగా జంతు సంరక్షణ సంస్థలకు రాసింది. భృతుల మీద బతుకుతున్న కూతురు, 1975 నాటి చట్టం కింద వారసత్వంలో వాటా అడిగింది. జిల్లా న్యాయమూర్తి 50,000 ఇచ్చాడు. 2015లో అప్పీలు కోర్టు, భృతి పోకుండా ఉండేలా, తానుంటున్న ఇల్లు కొనుక్కోవడానికి 1,43,000, అదనంగా 20,000 దాకా తీసుకునే వీలు కల్పించింది. 2017లో సుప్రీంకోర్టు మళ్ళీ 50,000కే తీసుకొచ్చింది. ఆ డబ్బులో ఎక్కువ భాగాన్ని ఇంటికి కావలసిన పాతబడ్డ సామాన్ల కోసం ఖర్చు చేస్తే భృతికి ఇబ్బంది ఉండదని లార్డ్ హ్యూజ్ తీర్పులో ప్రస్తావించాడు. సమంజసమైన ఖర్చు తప్పు కాదన్నదానికి ఇంతకన్నా పెద్ద అండ ఎక్కడ దొరుకుతుంది?

ఇక ముందు ప్రస్తావించిన సంరక్షణ గృహాల చిక్కు. ఆ సంరక్షణ ఖర్చుల హద్దులు వేరే. ఇంగ్లండ్‌లో 14,250 పౌండ్ల నుంచి 23,250 దాకా. పైది దాటితే సంరక్షణ గృహం ఖర్చంతా సొంతంగా భరించాలి. కౌన్సిల్ భరిస్తున్నప్పుడు 28 రోజుల తర్వాత పిప్‌లో రోజువారీ భాగం ఆగుతుంది. సొంత ఖర్చుతో ఉన్నవారికి అది అందుతుంది, అంటే వారసత్వం వల్ల ఒకచోట పోయినది కొంత ఇక్కడ తిరిగి వస్తుంది.

ఊళ్ళో ఉన్న భూమి

బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువారికి ఈ నియమాలు ఇంకో రకంగా తగులుతాయి. వీసా మీద ఉన్నవారిలో చాలామందికి ప్రభుత్వ నిధుల సహాయం నిషేధం, కాబట్టి యూనివర్సల్ క్రెడిట్, పిప్ రావు. చందా ఈఎస్‌ఏ ఆ నిషేధం కిందికి రాదు. ఉద్యోగం చేస్తూ చందా కట్టిన ఇంజనీరో నర్సో జబ్బుపడితే అడగవచ్చు, ఊళ్ళో ఎన్ని ఎకరాలున్నా. శాశ్వత నివాసం వచ్చి యూనివర్సల్ క్రెడిట్ తీసుకునే దశకు చేరితే మాత్రం గుంటూరులోనో కరీంనగర్‌లోనో తండ్రి వదిలిన పొలం లెక్కలోకి వస్తుంది. విదేశంలో ఉన్న ఆస్తి తెచ్చుకోవడానికి నిషేధం లేకపోతే అక్కడి మార్కెట్ ధర చూస్తారు. అమ్మకానికి ఖర్చు అవుతుందనుకుంటే 10 శాతం, దాని మీద అప్పుంటే అదీ తీసేస్తారు. భారత రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం వారసత్వపు సొమ్మును ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపవచ్చు, కాబట్టి పూర్తి నిషేధం ఉందనడం కుదరదు.

అయితే విలువ కట్టడం అంత తేలిక కాదు. బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్న ఓసీఐ కార్డుదారు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు, అమ్మాలంటే భారతదేశంలో ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. కొనేవారి సంఖ్య ఆ మేరకు తగ్గుతుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతుళ్ళకూ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కుంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఈ హక్కు 1986 చట్టంతోనే వచ్చింది. అలా వాటాదారుల సంఖ్య పెరుగుతుంది. పంపకం జరగని పొలంలో ఐదో వంతు కొనడానికి ముందుకొచ్చేవాడు పూర్తి ఎకరం ధరలో ఐదో వంతు ఇవ్వడు. దావాలో ఉంటే అసలు ఇవ్వడు. లెక్కలోకి రావలసింది ఆ తగ్గిన ధరే. దాన్ని చూపించేందుకు అడంగల్, పాసుపుస్తకం, వారసుల ధ్రువీకరణ పత్రం, వాటాదారుల పేర్లు, దావా ఉంటే కోర్టు కాగితాలు, స్థానికంగా ధర కట్టగలవారి నుంచి ఒక అంచనా పత్రం కావాలి. వీటిని ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి, వారసత్వం సంగతి చెప్పిన రోజునే వాటితోపాటు ఇస్తే, శాఖ తనకు తోచిన అంకె వేసే అవసరం ఉండదు.